యంత్రం మారినా మనిషిని మరువరాదు

సైన్యంలో పనిచేసి వచ్చినవాడిగా సోదర కార్మికులకు ఒక మాట మనవి చేయదలచినాను. యుద్ధభారం తుపాకి పట్టినవాడు ఒక్కడే మోయడు. 1965 సెప్టెంబరులో రాజస్థాన్ సరిహద్దున గడ్రా రోడ్ ప్రాంతంలో, సైన్యానికి సరఫరాలు ఆగకుండా శ్రమిస్తూ 17 మంది రైల్వే కార్మికులు పాకిస్తాన్ బాంబుదాడికి బలియైనారు. వారు ఆయుధధారులు కారు.

1972 మార్చి 1న ప్రత్యేక దళంగా ఏర్పడిన సైనిక తపాలా సర్వీసు సైతం తపాలా శాఖ ఉద్యోగుల శ్రమపైనే నిలిచింది. ‘56 ఎ.పి.ఓ.’ అని వ్రాస్తే చాలు, ఇంటి ఉత్తరం మా శిబిరాన్ని వెదకుకొంటూ వచ్చేది.

నేటి జవాను బిడ్డ ముఖాన్ని ఫోనులోనే చూడగలుగుతున్నాడు. తంతి సేవ 2013 జూలైలో ముగిసింది. ఈ మార్పు ఆహ్వానించదగినదే. అయితే పాత యంత్రంతోపాటు దానిని నడిపిన మనిషిని కూడా మూలకు నెట్టుట న్యాయమా?

గడ్రా రోడ్ స్మారకం వద్ద ఏటా సెప్టెంబరు 9న రైల్వే కార్మికులు నివాళి అర్పిస్తున్నారు. ఆ నివాళి ఒక్క స్టేషనుకే పరిమితం కారాదు. ఆనాడు దేశంలోని ప్రతి యూనియన్ శాఖలోనూ రెండు నిమిషాలు మౌనం పాటించాలి. కొత్తగా చేరే ఉద్యోగుల శిక్షణలో ఈ చరిత్రను బోధించాలని యాజమాన్యాన్ని మన సంఘాలు కోరాలి.