ఖాళీ జాగా కాదు, గడ్డి నేల

ఠాణా జిల్లా కాశేలిలో మా సాంచెల (మరమగ్గాల) షెడ్డు వెనక ఒక మిట్ట ఉంది. మిరుగు వానలకు పచ్చబడి, దసరా నాటికి నడుమెత్తు గడ్డితో ఊగుతుంటుంది. పోయినేడు మా వాడకట్టు వాళ్లు అక్కడ గుంతలు తవ్వి మొక్కలు పెడదామన్నారు. "ఖాళీగ పడున్న జాగ, నాలుగు చెట్లన్న అయితయి" అన్నారు. అంతకు ముందు పక్క దిబ్బను చదును చేసి గోదాం లేపినవాళ్లూ ఆ మాటే అన్నారు. మొక్క నాటేవారి మనసు మంచిదే, నాకు అనుమానం లేదు. కానీ ఖాళీ అన్న చోట మాత్రం ఇద్దరి లెక్కా ఒకటే. ఆ లెక్క తప్పు.

దున్నని నేలను మరాఠీలో పడీక్ అంటారు, మన తెలంగాణలో పడావు అంటాం. నాగలి దిగకపోతే, శిస్తు రాకపోతే ఆ నేల దండగ అని రెవెన్యూ కాగితాలు మనకు నేర్పాయి. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో ఇవాళ్టికీ పొదల నేలలు, క్షీణించిన పచ్చిక బయళ్లు బంజరు కిందికే వస్తాయి. అప్పటి మా ఠాణా జిల్లాలోనే 1945లో నాయకురాలు గోదావరి పరులేకర్ వెంట నడిచిన వార్లీ ఆదివాసులు గడ్డికోత కూలి పెంచాలని సమ్మె కట్టారు. జమీందార్లు ఆ గడ్డి అమ్మి సొమ్ము చేసుకునేవారు. విలువ లేని నేల మీద అంత పోరాటం ఎందుకు జరుగుతుంది?

గడ్డి విలువ కోతతోనే తేలిపోదు. అసలు సంగతి మన్ను కింద ఉంది. ఒక గడ్డి దుబ్బును మట్టితో సహా పెకిలించి చూడండి, వేళ్లు మన్నును గట్టిగా పట్టుకుని ఉంటాయి. ఆ వేళ్ల చుట్టూ, వేళ్ల లోపల కూడా, వెంట్రుకలో పదో వంతు మందం కూడా లేని బూజు పోగులు అల్లుకుని ఉంటాయి. ఇలాంటి పొత్తుకు 1885లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఫ్రాంక్ మైకోరైజా అని పేరు పెట్టాడు. మంచి గడ్డి నేలలో గ్రాము మట్టిలో పదుల మీటర్ల పోగు దొరుకుతుంది. రోజూ కండెలు చుట్టే ఇంట్లో పుట్టినవాణ్ని, ఆ పొడుగు నాకు అంకె మాత్రమే కాదు.

భాస్వరం మట్టిలో అంతగా కదలదు. వేరు తన చుట్టూ మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నదంతా తాగేశాక ఇక దానికి అందదు. బూజు పోగు ఆ గీత దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం పోయి భాస్వరం మోసుకొస్తుంది. బదులుగా గడ్డి, ఎండలో తాను వండుకున్న చక్కెరలో 4 నుంచి 20 శాతం దాకా ఈ శిలీంధ్రానికి ఇస్తుంది. బతికి ఉన్న వేరు లేకపోతే ఈ శిలీంధ్రం బతకదు. నత్రజని సంగతీ అంతే. బ్రెజిల్‌లో శాస్త్రవేత్త యోహన్నా డోబరైనర్ గడ్డి వేళ్లను ఆనుకుని గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా ఉందని చూపించింది. పప్పు జాతి మొక్కలకే ఆ భాగ్యం అనుకునే రోజులవి.

పశువులు మేస్తే నేల పాడవుతుందని ఇంకో వాదన. మితిమీరితే నిజమే. కానీ 2001లో హామిల్టన్, డగ్లస్ ఫ్రాంక్ అనే శాస్త్రవేత్తలు అచ్చం మేసినట్టే గడ్డిని కత్తిరించి చూశారు. వేళ్లు అప్పటికప్పుడు ఎక్కువ తీపిని మట్టిలోకి వదిలాయి, దాన్ని తిన్న సూక్ష్మజీవులు పెరిగాయి, నేలలో నత్రజని పెరిగి తిరిగి చిగురుకే అందింది. మేత, కోత ఈ గడ్డి కాపురంలో భాగమే.

ఇదంతా ఒకప్పుడు అడవి, మనం నరికి పాడుచేశాం, తిరిగి నాటడం మన బాధ్యత అంటారు. కొన్నిచోట్ల అది సత్యం. అన్నిచోట్లా కాదు. పరిశోధకులు ఆశిష్ నెర్లేకర్, దిగ్విజయ్ పాటిల్ కలిసి మరాఠీ పాత కథల్లో, పాటల్లో చెట్టూ చేమల పేర్లు ఏరి చూపించారు: కనుమల అవతలి పడమటి మహారాష్ట్రలో 13వ శతాబ్దం నాటికే గడ్డి మైదానాలున్నాయి. మరి చెట్లు పెడితే నేలలో కార్బన్ పెరగదా అంటారు. 2002లో రాబర్ట్ జాక్సన్ బృందం అమెరికాలో, పొదలు, చెట్లు కమ్మేసిన గడ్డి నేలలను కొలిచింది. పొడి చోట్ల మట్టిలో కార్బన్ పెరిగింది, వాన ఎక్కువ పడే చోట్ల తగ్గింది. మా కాశేలి ఉన్న కొంకణ్‌లో వాన తక్కువా?

హైదరాబాద్‌లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాలను కాపాడాలని విద్యార్థులు కొట్లాడారు. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపింది. నాకు సంతోషమే. కానీ ఆ పోరాటం అడవి పేరు మీద చేయాల్సివచ్చింది. కంచ అన్నది పశువులు మేసే గడ్డి నేలకు మన ముత్తాతలు పెట్టుకున్న పేరు. చట్టంలో ఆ పేరుకు బలం లేదు గనుక, పచ్చికను కాపాడాలన్నా అడవి అని పిలవక తప్పలేదు.

గడ్డి మళ్లీ మొలుస్తుందిలే అనుకోవద్దు. దున్నిన, తవ్విన పాత గడ్డి నేల తన జాతులన్నిటితో తిరిగి నిలదొక్కుకోవడానికి కనీసం వందేళ్లు పడుతుందని నెర్లేకర్, జోసెఫ్ వెల్డ్‌మన్ 2020లో లెక్కగట్టారు. గుంత తవ్వినప్పుడు పోగులు తెగుతాయి, చెట్టు ఎదిగాక దాని నీడలో ఎండనే నమ్ముకున్న గడ్డి చస్తుంది. ఆ గడ్డితోపాటు దాని నేల కాపురమూ పోతుంది.

మా వాడకట్టు వాళ్లకు ఇదంతా చెప్పాను, ఇంకా చెబుతున్నాను. నీడ కావాలి, నిజమే. సాంచెల వేడిలో పన్నెండు గంటలు నిలబడి బయటికొచ్చే మనిషికి చెట్టు కింద కూర్చోవాలని ఉంటుంది. కాశేలి నుంచి కాల్హేర్ దాకా గోదాముల ముందు లారీలు ఆగే బండరాయి లాంటి కాంక్రీటు జాగాలు ఎన్ని లేవు! గడ్డపార అక్కడ దించండి, నేనూ వస్తాను. మిట్ట మీదికి మాత్రం దసరా తర్వాత కొడవలి పట్టుకుని రండి.