ఆమ్లములు, ఓడలు, మన స్టేషనులు

తాండూరున రాతిపని చేయు బాలునకుఁ గూడ నొక సంగతి తెలియును. నాపరాతిమీఁద ఆమ్లము చిందినచో బుసబుస పొంగును. పొంగు చల్లారిన తరువాత చూడఁగా రాతి నునుపు పోయి గరుకు తేలియుండును. బట్టీకడ పనిచేయువానికి మఱియొక సంగతి తెలియును. కాల్చిన సున్నపురాతిపై నీళ్లు చల్లినయెడల అది సలసల క్రాఁగి చేతులను పొక్కించును. ఏ వస్తువు ఒంటరిగా నున్నంతసేపు మిన్నకుండునో, ఏ పొరుగు దొరకిన రేఁగునో తెలిసికొనుటయే ఈ విద్యలోని రహస్యము. సముద్రముపై సరకులు మోయు ఓడలకు లోకములోని రాజ్యములన్నియుఁ గూడి యేర్పఱచిన నియమములకును ఇదియే మూలము.

వికారాబాదునకు సముద్ర మెక్కడ, తాండూరునకు ఓడ యెక్కడ యని పాఠకులు నవ్వవచ్చును. కాని 1874లో నిజాము ప్రభువుల కాలమున వాడి నుండి హైదరాబాదునకు వేయఁబడిన రైలుమార్గము ఈ రెండు పట్టణముల మీఁదుగనే పోవుచున్నది. హైదరాబాదు నుండి బొంబాయి తీరమునకు రైలుపై పోవు సరకునకు ఇది ప్రధానమార్గము. ఓడలోనికెక్కు ఇనుపపెట్టె రేవునందు పుట్టదు. అది ఎక్కడనో యొక కర్మాగారమున నింపఁబడి, ముద్రవేయఁబడి, మనవంటి ఊళ్లు దాటి సముద్రము చేరును. ఆ పెట్టెలో నేమున్నదో అక్కడ అబద్ధము వ్రాసినవాని తప్పునకు నడిసముద్రమున నావికుఁడు శిక్ష ననుభవించును. త్రోవలో మన కూలివాఁడు అనుభవించును.

ఆ నియమములను సంగ్రహముగాఁ దెలిపెదము. అపాయకరమైన సరకులకు సంబంధించిన అంతర్జాతీయ నౌకాస్మృతి 1965లో అంగీకరింపఁబడి, 2004 జనవరి 1 నుండి నిర్బంధశాసనమైనది. అది సరకులను తొమ్మిది తరగతులుగా విభజించినది. అందు ఎనిమిదవ తరగతి, తాఁకినదాని నెల్లఁ దినివేయు ద్రవ్యములది. గంధకికామ్లము, నత్రికామ్లము, కాస్టిక్ సోడా మొదలగునవి ఇందుఁ జేరును. మూఁడు నిమిషములలోపు స్పర్శతో మనుష్యచర్మమును పూర్తిగా చెఱుపునది మొదటి జట్టు. అరువది నిమిషములలోపు చెఱుపునది రెండవది. నాలుగు గంటలలోపు చెఱుపునది మూఁడవది. చర్మమును చెఱుపకున్నను ఉక్కును గాని అల్యూమినియమును గాని యేఁటికి ఆఱుంబావు మిల్లీమీటర్లకు మించి తినివేయునదియు ఈ మూఁడవ జట్టులోనిదే.

ఇఁక పొరుగు సంగతి. ఆమ్లమును క్షారమును ప్రక్కప్రక్కన నుంపరాదు. రెండును కలిసిన దారుణమైన వేఁడిమి పుట్టును. ఆమ్లమును సయనైడునకు దగ్గఱ నుంపరాదు; కలిసినయెడల ప్రాణాంతకమగు విషవాయువు వెడలును. బ్లీచింగు ద్రవ్యములతోఁ గలిసినచో క్లోరిన్ వాయువు లేచును. ఆహారపదార్థములకు ఎడముగా నుంపవలయును. తేమ తగులనీయరాదు. సామాన్యముగా మూటలుగను పీపాలుగను ఎక్కించు సరకులలో, ‘దూరము’ అనిన కనీసము మూఁడు మీటర్లు. అంతకు మించిన వైరము గలవానిని వేర్వేఱు గదులలో నుంపవలయును. పరమవైరుల నడుమ పూర్తిగా నొక గది అడ్డముండవలయును. పచ్చగడ్డి వేసిన భగ్గుమను ఇరుగుపొరుగులను పెద్దలు వేఱు వీధులలో కాపురముంచినట్లే యిది. తుదకు, ఖాళీయైనను కడుగని పీపాను నిండుపీపాతో సమానముగానే చూడవలయును.

ఇన్ని నియమములుండఁగా ఏమి జరిగినది? 2021లో ‘ఎక్స్‌ప్రెస్ పెర్ల్’ అను సింగపూరు జెండా గల క్రొత్త ఓడ, పనిలోఁ బ్రవేశించి కొన్ని నెలలు మాత్రమే గడచియుండఁగా, ఇరువదియైదు టన్నుల నత్రికామ్లమును, ఇతర సరకులను మోసికొని అరేబియా సముద్రమున ప్రయాణించుచుండెను. మే నెలలో ఒక పెట్టె నుండి ఆమ్లము కాఱుచున్నదని నావికులు కనుగొనిరి. కతారునందలి హమాద్ రేవునను, మన గుజరాతులోని హజీరా రేవునను ఆ పెట్టెను దింపవలెనని యత్నించిరి, సాగలేదు. కాఱుచున్న పెట్టెతోనే ఓడ కొలంబో చేరెను. మే 20న మంటలు కనఁబడెను. దినములకొలఁది మండి జూన్ 2న ఓడ మునుఁగ నారంభించెను. వేయి టన్నులకు మించిన ప్లాస్టిక్ గుళికలు సింహళపు పశ్చిమతీరమును గప్పివేసెను. బెస్తల జీవనము చెడెను. మంటలకు ఆ ఆమ్లపు కాఱుటయే మూలమని బలమైన యనుమానము.

ఒక్క పెట్టె! దాని మూత సరిగా బిగింపఁబడి యున్నచో, లేదా కాఱుట తెలిసిన తోడనే ఏ రేవైనను దానిని దింపుకొనుటకు సిద్ధమై యున్నచో, అంత విపత్తు తప్పెడిదేమో. సముద్రము చేసిన తప్పు ఇందేదియు లేదు. తప్పు నేలమీఁదనే ప్రారంభమై, నేలమీఁదనే సవరింపఁబడక, నీటిమీఁద పండినది. ఇల్లు కాలుచుండఁగా బావి త్రవ్వఁబూనుట మన కలవాటు. ఇచ్చట బావి యున్నవారును చేఁద నిచ్చుటకు వెనుదీసిరి.

ఈ పాఠమును మన యూళ్లకు అన్వయించుకొందము. నేలపై నడచు సరకునకును శాసనములు లేకపోలేదు. రైల్వేవారి ‘రెడ్ టారిఫ్’ అను నియమావళి ఆమ్లములను ప్రత్యేకమైన తరగతిగా నెంచుచున్నది. 1989 నాఁటి కేంద్ర మోటారు వాహనముల నియమములు అపాయకరమైన సరకును మోయు లారీపై తరగతి చిహ్నమును, ఆపత్సమయమునఁ జేయవలసిన పనిని దెలుపు ఫలకమును ఉండవలెననుచున్నవి. చిహ్నము చదువు రానివానికిఁ గూడ బోధపడును: రెండు గొట్టముల నుండి ద్రవము జాఱి ఒక చేతిని, ఒక లోహపు కడ్డీని తినివేయుచున్నట్లు బొమ్మ. కాని బొమ్మ చూచి వెనుదీయుట వేఱు, చేయి కాలినపుడు ఏమి చేయవలెనో తెలియుట వేఱు. తాండూరు స్టేషనున బస్తా మోయువాఁడు తెలుగువాఁడు కావచ్చును, ఉర్దూ మాటలాడువాఁడు కావచ్చును, సరిహద్దు దాటి వచ్చిన కన్నడిగుఁడు కావచ్చును. వానికిఁ దెలియని భాషలో వ్రాసిన హెచ్చరిక, హెచ్చరిక కాదు. అది వ్రాసినవాని నిర్దోషిత్వమునకు సాక్ష్యము మాత్రమే.

ఇంకొకటి గలదు. అనంతగిరి కొండలలో మూసీ పుట్టుచున్నది. 1908 నాఁటి వఱద పిమ్మట నిర్మింపఁబడి 1920లో పూర్తియైన గండిపేట చెఱువునకు ఆ నీరే చేరును. తాండూరు ప్రక్కను పాఱు కాగ్నా భీమలోఁ గలియును. ఇచ్చట మన నేలపై నొలికిన పీపా మన యూరితోనే యాగదు. కొండ నెత్తిన నివసించువారికి పల్లమువారి గొంతులయెడ బాధ్యత గలదు.

కాఁబట్టి మా కోరికలు నాలుగు. సరకు పంపు వ్యాపారి పెట్టెలో నున్నదానిని నిజముగా వ్రాయవలయును. కూలి తగ్గించుకొనుటకై ఆమ్లమును మఱియొక పేర పంపువానిని అధికారులు ఉపేక్షింపరాదు. సరకు దింపుచోట్ల తెలుగున, ఉర్దూలో, కన్నడమున హెచ్చరికలు కట్టవలయును. హమాలీలకు చేతితొడుగులు, కంటియద్దములు, కాలినచోట కడుగుటకు ధారాళమైన నీళ్లు సిద్ధముగా నుంచవలయును. ఇది దయ కాదు, కూలిలో భాగము. బజారులో దుకాణదారులు ఆమ్లపు సీసాను బ్లీచింగు పొడి ప్రక్కను, పప్పుబెల్లముల ప్రక్కను నిలుపుట మానవలయును. పానీయపు సీసాలలో ఆమ్లము పోసి యమ్ముట బొత్తిగాఁ బోవలయును.

పూర్వము నియమములు పరాయివాఁడు వ్రాసినవని, అమలు వాని పనియని చెప్పి తప్పించుకొంటిమి. నేఁడా మాట చెల్లదు. సముద్రనియమములు వ్రాసిన సభలో మన దేశమునకును పీఠము గలదు; నేలమీఁది నియమములు మన శాసనసభల క్రింద పుట్టినవే. వ్రాసినదానిని చదువుకొని, చదివినదానిని చదువు రానివానికి వినిపించుట పఠనాలయములకు వచ్చు సోదరుల వంతు. ఈ సాయంకాలమే ఒకరు ఆ చిహ్నమును పెద్దదిగా గీసి స్టేషను ఎదుటి టీ కొట్టు గోడకు అంటించినచో, ఈ వ్రాఁత వ్యర్థము కాలేదని మే మెంచుకొందుము.