ఆడపిల్ల మొహం మీద అందరి పెత్తనం

మా అమ్మాయికి పదిహేడేళ్ళు. రెండేళ్ళుగా మొటిమలు. పోయిన వేసవిలో మా ఆడపడుచు కూతురి పెళ్ళికి వెళ్తే పలకరింపులన్నీ దాని మొహంతోనే మొదలయ్యాయి. "వేపాకు రాశావా? మచ్చలు పడితే రేపు సంబంధాలు ఎలా వస్తాయే?" మొటిమలున్న పిల్లకు చెవులు కూడా ఉంటాయని ఒక్కరికీ తట్టలేదు.

అంతకు మూడు వారాల ముందే డాక్టరమ్మ అడాపలీన్ జెల్ రాసిచ్చారు. రెటినాయిడ్ జాతి మందు. రాత్రిపూట మొహం కడిగి, బాగా ఆరాక, బఠాణీగింజంత తీసుకుని మొహమంతా పల్చగా రాయాలి. మొదట్లో రోజు విడిచి రోజు. పైన మాయిశ్చరైజర్, పగలు సన్‌స్క్రీన్. "మొదటి వారాల్లో మంట, పొట్టు ఉంటాయి, మొటిమలు కాస్త పెరగనూవచ్చు. గుణం కనబడాలంటే మూడు నెలలు ఓపిక పట్టాలి. మరీ మండితే నాకు చెప్పండి" అన్నారు.

సరిగ్గా పొట్టు లేచే రోజుల్లోనే పెళ్ళి. "మందు పడలేదు, మానిపించెయ్" అన్నారందరూ. నేనూ జడిసి మానిపించాను. ఒక పిన్నిగారు చెప్పారని మందుల షాపులో చీటీ లేకుండానే ఇంకో క్రీము కొన్నాను. వారంలో మొహం నున్నగా, తెల్లగా! అందరూ మెచ్చుకున్నారు.

రెండు నెలలకి ఎండలోకి వెళ్తే బుగ్గలు కందిపోవడం, క్రీము ఆపితే మొటిమలు గుంపులుగా రావడం. డాక్టరమ్మ ట్యూబు చూసి తల పట్టుకున్నారు. అందులో ట్రెటినోయిన్‌తో పాటు హైడ్రోక్వినోన్, మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ ఉన్నాయి. మంగు మచ్చలకి, డాక్టరు కనిపెట్టి చూస్తుండగా కొద్ది వారాలు వాడే మందది. ఇష్టమొచ్చినట్టు రాస్తే చర్మం పల్చబడుతుంది, సన్న రక్తనాళాలు పైకి తేలతాయి.

చీటీ అడగని షాపువాడిది తప్పే. మరి మనది? మంట పుట్టించే మంచి మందుని నెల తిరక్కుండా తిట్టిపోస్తాం. మూడు రోజుల్లో తెల్లబరిచేదాన్ని నెత్తిన పెట్టుకుంటాం. మనకి కావలసింది పిల్ల చర్మం బాగుపడటమా, పదిమందిలో తెల్లగా కనబడటమా? ఈలోపు మొటిమలు ముదిరి గుంటలు పడితే, వాటిని ఏ పూతమందూ పూర్తిగా పూడ్చలేదు.

ఒక్క మాట. గర్భిణులు, గర్భం కోసం చూస్తున్నవాళ్ళు రెటినాయిడ్లకి దూరంగా ఉండాలి. ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పండి.

చర్మం కుదుటపడ్డాక మళ్ళీ మొదటి జెల్‌కే వచ్చాం. ఈసారి ఎవరైనా "మొహమేంటే అలా ఉంది" అంటే, "మందు పనిచేస్తోంది అత్తా" అని చెబుతుందట మా పిల్ల. ఆ మాట ఆ పెళ్ళిలోనే నేను అని ఉండాల్సింది.