ఇంటి ముందు సముద్రం, వేట వేరావల్‌లో

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంత పొడవైన తీరం మరే జిల్లాకూ ఉండేది కాదు. అయినా ఏటా జూలై ఆఖరు వచ్చేసరికి ఎచ్చెర్ల, గార, సంతబొమ్మాళి, వజ్రపుకొత్తూరు తీర గ్రామాల మగవాళ్లు సంచులు సర్దుకుని, దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటి, గుజరాత్‌లోని వేరావల్‌లో బోట్లెక్కుతారు. ఇంటి ముందు సముద్రం ఉండగా మరో సముద్రానికి ఎందుకు పోతున్నారంటే మన నాయకులందరూ చెప్పే జవాబు ఒక్కటే: రేవు కడతాం, వలసలు ఆపుతాం. పార్టీ ఏదైనా, సభ ఎక్కడ జరిగినా ఈ మాట మారదు. మత్స్యకారులు ఎందుకు వెళ్తున్నారన్నది ఈ మాట అన్నవారికి సగమే పట్టింది. వెళ్లి ఏం పోగొట్టుకుంటున్నారన్నది అసలే పట్టలేదు. రాష్ట్రం దాటినవాడికి ఊరి మీద బెంగ ఉండడం సహజం. కానీ ఆ బెంగకు మించిన నష్టం ఒకటుంది. ఈ దేశ పౌరుడిగా అతనికి అందవలసినవాటిలో చాలా భాగం రాష్ట్ర సరిహద్దు దగ్గరే ఆగిపోతోంది. వాటిని అతనితోపాటు పంపే ఏర్పాటు చేయకుండా వలసలు ఆపుతామనడం బాధ్యత తప్పించుకోవడమే.

కూలి ఎక్కువ కాబట్టి వెళ్తున్నారన్నది పైపై మాట. ఇక్కడి వేట వాటా పద్ధతి మీద నడుస్తుంది. తెప్ప అయినా, ఇంజను బిగించిన ఫైబర్ బోటు అయినా, పడిన చేపను అమ్మి, ఆయిలు ఖర్చు తీసేసి, పడవకూ వలకూ వాటా పోగా మిగిలినదాన్ని మనుషులు పంచుకుంటారు. పడితే పండగ, పడకపోతే ఆయిలు డబ్బులు కూడా ఎదురు. అల్పపీడనం పట్టిందంటే వారం పాటు పడవ ఇసుక మీదే ఉంటుంది. బాగా పడిన రోజున కూడా ఐసు చాలక, నిల్వ చేసే చోటు లేక, ఒడ్డున కాచుకున్న వ్యాపారి చెప్పిన ధరకే ఇవ్వాలి. వలకు అప్పు పెట్టినవాడూ అతనే అయినప్పుడు బేరమాడే నోరుండదు. వేరావల్ బోటు యజమాని నెల జీతం ఇస్తాడు. అంతకన్నా ముఖ్యంగా, మనిషి ఊళ్లో ఉండగానే అడ్వాన్సు చేతిలో పెడతాడు. దాంతో పాత బాకీ తీరుతుంది, పిల్ల పెళ్లి అవుతుంది, ఇంటికి స్లాబు పడుతుంది. రేపటి సంపాదన ఎంతో తెలియని బతుకు నుంచి ఏడాది సంపాదన ముందే తెలిసిన బతుకులోకి మారడమే ఈ వలసలోని అసలు లెక్క. ఆ అడ్వాన్సే కాలికి బంధం కూడా అవుతుంది. తీసుకున్నాక సీజన్ మధ్యలో ఇంటికి రావడం కుదరదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. వేట లేని రోజుల్లో తోట పని దొరికే ఆసరా దాంతో పోయింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు వచ్చేదాకా ఏళ్లు పడుతుంది, అప్పు అన్నాళ్లు ఆగదు.

ఇది ఇప్పుడు పుట్టిన వలస కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం దాకా గంజాం, విశాఖ, గోదావరి తీరాల నుంచి తెలుగువాళ్లు ఓడలెక్కి రంగూన్‌కు వెళ్లారు. అక్కడి రేవుల్లో, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చి 1942లో కాలినడకన వెనక్కి వచ్చారు. అండమాన్‌లో తెలుగువాళ్లలో ఎక్కువమంది మూలాలు ఉత్తరాంధ్రలోనే ఉన్నాయి. పూరీలోని పెంఠకటాలో, పారాదీప్ ఒడ్డున తెలుగు మత్స్యకారుల పేటలు తరాలుగా ఉన్నాయి. అయితే వాళ్లు వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. అక్కడి ఓటరు జాబితాకెక్కారు, పిల్లలు అక్కడి బడికెళ్లారు. వేరావల్ వెళ్లేవాళ్ల పరిస్థితి వేరు. ఏడాదిలో తొమ్మిది పది నెలలు అక్కడ, రెండు మూడు నెలలు ఇక్కడ. ఎక్కువ రోజులు నీళ్ల మీదే ఉంటారు కాబట్టి అక్కడి ప్రభుత్వం లెక్కకు రారు. ఇంటి చిరునామా మారలేదు కాబట్టి ఇక్కడి లెక్కలో ఊళ్లో ఉన్నట్టే. రెండు ప్రభుత్వాలకూ కనబడకుండా బతకడం ఈ రకం వలసకే ప్రత్యేకం.

పోగొట్టుకున్నవాటి మాట వస్తే సంక్రాంతి, గ్రామదేవత సంబరం, తల్లి చివరి చూపు వంటివే అందరికీ తడతాయి. అవి చిన్నవని ఎవరూ అనరు. వాటి వెనక మరుగున పడిన నష్టాలు మరికొన్ని ఉన్నాయి. మన తీరంలో వేట మగవాడిది, అమ్మకం ఆడదానిది. భర్త తెచ్చిన చేపను భార్య బుట్టకెత్తి ఊళ్లు తిరిగి అమ్మేది, మిగిలితే ఉప్పేసి ఎండబెట్టేది. ధర తేల్చేది, డబ్బు దాచేది ఆమే. భర్త వేరావల్‌లో పట్టిన చేప అక్కడి రేవులోనే దిగి, అక్కడి కంపెనీ చేతికి పోతుంది. అది ఆమె బుట్టలోకి రాదు. ఇక్కడ వ్యాపారం కొనసాగించాలంటే తెల్లవారుజామున ఒడ్డుకెళ్లి, వేలం పాటలో అప్పు డబ్బుతో ఇతరుల చేపను కొనాలి. నిన్నటిదాకా సరుకు సొంతదారు, నేడు మారు వ్యాపారి, అదీ పెట్టుబడి లేని మారు వ్యాపారి. కుటుంబానికి జీతం వచ్చింది, నిజమే. ఒక ఇంట్లో రెండు సంపాదనలుగా సాగిన పని ఒక్క సంపాదనకు కుదించుకుపోయిందన్నది మాత్రం ఏ వలస లెక్కలోనూ కనబడదు. ఇల్లు, పిల్లల చదువు, ముసలివాళ్ల మందులు, అప్పులవాళ్ల మాటలు అన్నీ ఆమె మీదే పడతాయి. 2011 జనగణనలో ఈ జిల్లాలో ప్రతి 1000 మంది పురుషులకు 1015 మంది స్త్రీలున్నారు. ఆ అంకెకు కారణాలు చాలా ఉండొచ్చు, మగవాళ్ల వలస వాటిలో ఒకటి కాదనడం కష్టం.

రెండోది వేట నిషేధపు క్యాలెండర్. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. పడమటి తీరంలో కేంద్రం పెట్టిన గడువు జూన్ 1 నుంచి జూలై 31 వరకు. గుజరాత్‌లో బోట్లు ఒడ్డెక్కాక ఇంటికొచ్చిన మనిషికి ఇక్కడి సముద్రం ఇంకా మూసే ఉంటుంది. తెరుచుకున్నాక మళ్లీ రైలెక్కేదాకా అతని చేతిలో ఉండేది ఆరేడు వారాలు. అన్నాళ్ల కోసం వచ్చినవాడికి స్థానిక పడవ మీద స్థిరమైన చోటు ఎవరిస్తారు? నిషేధ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి సంగతీ ఇంతే. గతంలో 10 వేల రూపాయలుండగా, 2025 ఏప్రిల్‌లో ‘మత్స్యకార సేవలో’ పేరుతో 20 వేలు చేశారు. ఆ కార్యక్రమాన్ని ముఖ్యమంత్రి ప్రారంభించింది ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో, అంటే సరిగ్గా ఈ వలస గ్రామాల నడుమ. కానీ ఆ భృతి ఇక్కడ రిజిస్టరైన పడవను, దాని మీద పనిచేసేవారిని చూసి ఇచ్చేది. గుజరాత్ బోటు మీద పనిచేసే కళాసీకి అందులో చోటు దొరకాలంటే నిబంధన మారాలి. వృత్తి మత్స్యకారుడిదే, ఊరు మత్స్యకారులదే, సాయానికి మాత్రం అతను మత్స్యకారుడు కాకుండా పోతున్నాడు.

రాష్ట్ర సరిహద్దు ఎంత గట్టి గోడో చూపిన పరిశోధన ఒకటుంది. ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 2001 జనగణన ఆధారంగా చేసిన ఆ అధ్యయనం ప్రకారం, ఒకే రాష్ట్రంలోని రెండు పక్కపక్క జిల్లాల మధ్య వలస, రాష్ట్ర సరిహద్దుకు చెరోవైపు ఉన్న పక్కపక్క జిల్లాల మధ్య వలస కన్నా కనీసం 50 శాతం ఎక్కువ. దూరం అంతే, భాష కలిసినా సరే, జనం గీత దాటడానికి వెనకాడుతున్నారు. సంక్షేమ పథకాలు, చదువుల సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాలు రాష్ట్రాలవారీగా ఉండడమే కారణమని వాళ్లు తేల్చారు. రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా తిరిగే, నివసించే స్వేచ్ఛ ఇచ్చింది. ఆ స్వేచ్ఛ వెంట ఇంకేం వెళ్తాయన్నది వేరే సంగతి. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు దీన్ని స్పష్టం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగగా గుర్తింపున్న విద్యార్థి, తండ్రి ఉద్యోగరీత్యా మహారాష్ట్ర వెళ్లాక అక్కడ ఆ గుర్తింపుతో మెడికల్ సీటు అడగడానికి వీల్లేదంది. మత్స్యకారులైన వాడబలిజ, జాలరి కులాలు మన రాష్ట్రంలో బీసీ-ఏ. ఆ పత్రంతో గుజరాత్‌లో బడిలో గానీ కొలువులో గానీ రాష్ట్ర రిజర్వేషన్ అడగలేరు. ఆరోగ్యశ్రీని 2019లో పక్క రాష్ట్రాలకు పెంచినప్పుడు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆస్పత్రులను చేర్చారు. మంచి పనే, కానీ అవి ఉద్యోగుల వలస దారులు. కళాసీల దారి ఎవరికీ గుర్తుకు రాలేదు. ఒక్క రేషన్ విషయంలోనే కొంత దారి పడింది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు 2019 ఆగస్టులో మొదలైంది. తొలి విడత జతల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రెండోది గుజరాత్, మహారాష్ట్ర. రేషన్‌ను పంపగలిగినప్పుడు మిగతావి పంపలేమన్న వాదన నిలవదు.

రేవులు కడితే ఇదంతా అవసరమే ఉండదు కదా అని అడగొచ్చు. రేవులు కావాలి, అందులో సందేహం లేదు. బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బర్ పూర్తయితే పడవకు నీడ, చేపకు ఐసు, వేలానికి పోటీ వస్తాయి. కానీ రేవు మొదట మేలు చేసేది పడవ ఉన్నవాడికి. లోతు నీటికి వెళ్లే మరబోటుకు లక్షల పెట్టుబడి కావాలి. అది లేనివాడు ఇక్కడైనా కళాసీయే. అప్పుడు అడ్వాన్సు ఎవరు ఎక్కువ ఇస్తే అతనిది ఆ రేవే అవుతుంది. పైగా మరబోట్లు పెరిగినకొద్దీ దరి వేట మీద బతికే తెప్పలకు చేప తగ్గుతుంది. రేవు వచ్చాక వలస కొంత తగ్గొచ్చు, పూర్తిగా ఆగుతుందనుకోవడం భ్రమ. విశాఖలో దశాబ్దాలుగా పెద్ద ఫిషింగ్ హార్బర్ ఉంది. దాని పక్క జిల్లాల నుంచే ఈ వలస సాగుతోంది.

ఇంకో వాదన కాస్త బరువైనది: ఇష్టపడి వెళ్తున్నారు, డబ్బు పంపుతున్నారు, బయటి కూలీల భారాన్ని గుజరాత్ ఎందుకు మోయాలి? ఇష్టమే, కాదనను. పూట గడవని వాటాకూ కాళ్లు కట్టేసే అడ్వాన్సుకూ మధ్య ఎంచుకున్న ఇష్టం అది. భారం మాటకొస్తే, దేశంలోని అతిపెద్ద చేపల రేవుల్లో ఒకటైన వేరావల్ ఎగుమతుల్లో మనవాళ్ల చెమట వాటా ఉంది. లాభం తీసుకున్న రాష్ట్రం కొంత బాధ్యతా తీసుకోవాలి. ఇది కొత్త సంగతి కాదు. కేరళ 2010లోనే ఇతర రాష్ట్రాల కార్మికులకు సంక్షేమ పథకం పెట్టింది, 2017లో ‘ఆవాజ్’ పేరుతో ఆరోగ్య బీమా తెచ్చింది. తన నుంచి బయటికి వెళ్లినవారిని 1998 నుంచి కేరళ వలస సర్వే లెక్కిస్తూనే ఉంది. అలాంటి క్రమం మన దగ్గర లేదు. మనకు లెక్క గుర్తొచ్చేది ప్రమాదం ముంచుకొచ్చినప్పుడే. 2018 నవంబరులో వేరావల్ బోట్లలో ఉన్న శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి వచ్చారు. 2025లో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆ ఘటనే ఆధారం. వాళ్లు తిరిగొచ్చిన మూడు నెలలకే లాక్‌డౌన్‌లో వేలమంది గుజరాత్ రేవుల్లో పడవల మీదే చిక్కుపడితే బస్సులు పెట్టి తీసుకురావలసి వచ్చింది. చెర, మహమ్మారి అరుదుగా వస్తాయి. బీమా లేని జబ్బు, కాగితం లేని ఒప్పందం, అందని భృతి ప్రతి సీజన్‌లోనూ ఉంటాయి.

చేయదగినవి అసాధ్యమేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ వేరావల్‌లో సీజన్ పొడుగునా ఒక చిన్న కార్యాలయం తెరిచి, వచ్చిన ప్రతి కళాసీ పేరు, బోటు నంబరు, అడ్వాన్సు, జీతం రాసుకోవాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు ద్వారా వెళ్లినవారికే వర్తించేది. దాని స్థానంలో వచ్చిన 2020 కార్మిక కోడ్ సొంతంగా వెళ్లినవారినీ కలుపుకుంది, అమలు చేయించుకోవడమే మిగిలింది. నిషేధ భృతిని పడవకు కట్టకుండా మనిషికి ఇవ్వాలి. వేట చేసే ఇంటి ఆడవాళ్లకు చేప కొనే పెట్టుబడి బ్యాంకు నుంచి అందాలి. అన్నిటికన్నా ముందు ఓటు. ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో దూర ఓటింగ్ యంత్రాన్ని ప్రకటించి, మరుసటి జనవరిలో పార్టీలకు చూపబోతే చాలా పార్టీలు వద్దన్నాయి. వాటి అనుమానాలు తోసిపారేయదగ్గవి కావు, కానీ యంత్రం వద్దన్నవారు మరో మార్గమూ చెప్పలేదు. ఓటు వేయడానికి రానివాడి సమస్య ఏ అభ్యర్థికీ తొందర కాదు. మన అసెంబ్లీ ఎన్నికలకు ఈ తీరంలో 2014లో మే 7న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న పోలింగ్ జరిగింది. ఆ మూడు రోజుల్లోనూ పడమటి తీరంలో వేట సీజన్ ఇంకా ముగియలేదు.