చిన్నపిల్ల చేతిలో బటన్ ఫోన్

ఎనిమిదేళ్ళ, పదేళ్ళ పిల్లల చేతికి ఫోన్ ఇవ్వొచ్చా అని మన సమావేశాల్లో తల్లులు తరచు అడుగుతున్నారు. అడిగేవాళ్ళలో తెల్లవారకముందే పాచిపనికి వెళ్ళేవాళ్ళున్నారు, ఆస్పత్రుల్లో రాత్రి డ్యూటీలు చేసేవాళ్ళున్నారు, ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్ళున్నారు. బడి వదిలిన దగ్గర్నుంచి చీకటి పడేదాకా ఆ ఇళ్ళలో పిల్ల ఒక్కతే ఉంటుంది. తాళంచెవి ఎంత అవసరమో ఆమెకు ఫోనూ అంతే అవసరం. పిల్లలకు ఫోన్లెందుకు, చెడిపోతారు అని వేదికలెక్కి చెప్పే పెద్దల ఇళ్ళలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటానికి ఎవరో ఒకరు ఉంటారు. చాలాసార్లు ఆ ‘ఎవరో ఒకరు’ ఈ తల్లే.

ఆ వయసుకు బటన్ ఫోన్ చాలు. అమ్మతో మాట్లాడొచ్చు, చార్జింగు రెండు మూడు రోజులొస్తుంది, కింద పడితే పెద్ద నష్టం లేదు. అయితే బటన్ ఫోన్లన్నీ ఒకటి కావు. కొన్నింటిలో యూట్యూబ్ లాంటివి కూడా వస్తున్నాయి కాబట్టి డబ్బులిచ్చే ముందే మెనూ అంతా తెరిచి చూడాలి. 2జీ ఫోన్ చవగ్గా దొరుకుతుంది గానీ అందులో జియో సిమ్ పనిచేయదు. నెట్ లేకుండా మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే విడిగా ప్యాకులు ఉండాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది. మనం అడక్కపోతే దుకాణాల్లో వాటి మాటే ఎత్తరు. 2017 జనవరి నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లోనూ ఆపద బటన్ ఉండాలన్న నిబంధన కూడా ఉంది. బటన్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే అత్యవసర కాల్ వెళ్ళాలి. ఏ అంకె పనిచేస్తుందో దుకాణంలోనే అడిగి తెలుసుకుని పిల్లకు నేర్పాలి.

పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళకు సిమ్ ఇవ్వరు. మరి ఎవరి పేరున తీసుకోవాలి? అలవాటు కొద్దీ తండ్రి పేరునే తీసుకుంటాం. తల్లి పేరున తీసుకోవాలని నేనంటాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో తాము స్వయంగా వాడుకునే ఫోన్ ఉన్నవాళ్ళు 54 శాతమే. తల్లికే ఫోన్ లేని ఇంట్లో పిల్ల కోసం కొన్న ఫోన్ వారం తిరిగేసరికి ఏ మగవాడి జేబులో చేరుతుందో మనకు తెలియనిది కాదు.

కొంచెం డబ్బున్న ఇళ్ళలో ఇంకో ధోరణి మొదలైంది. పిల్ల ఎక్కడుందో చూపించే గడియారాలు, చుట్టూ ఏం మాట్లాడుతున్నారో దూరం నుంచి వినిపించే పరికరాలు కొంటున్నారు. అలా రహస్యంగా వినే సదుపాయమున్న పిల్లల గడియారాల అమ్మకాన్ని జర్మనీ 2017లో నిషేధించింది. క్లాసులో టీచరు మాటల్ని సైతం తల్లిదండ్రులు వింటున్నారని అక్కడి అధికారులు గమనించారు. బాలల హక్కుల ఒప్పందం 16వ అధికరణం పిల్లలకూ వ్యక్తిగత గోప్యత ఉందని చెప్తోంది, 1992లో మన దేశమూ ఆ ఒప్పందంలో చేరింది. భద్రత పేరుతో నిఘా పెట్టడం స్త్రీలుగా మనకు కొత్తా?

పిల్లల మీద లైంగిక హింస జరిపేవాళ్ళు ఎక్కువగా తెలిసినవాళ్ళే, కొన్నిసార్లు ఇంట్లోవాళ్ళే. పిల్ల చేసిన ప్రతి కాల్‌నూ ఇంటి మగవాళ్ళు రోజూ సాయంత్రం తిరగేస్తుంటే ఆమె ఎవరికి చెప్పుకుంటుంది? కొన్ని ఫోన్లలో, మనం ఎక్కించిన నంబర్లకు తప్ప మిగతావాటికి కాల్ వెళ్ళకుండా సిమ్‌కి కట్టుబాటు పెట్టుకోవచ్చు. చిన్నపిల్లలకు అది మంచిదే. కానీ ఆ జాబితాలో అమ్మ, ఒక నమ్మకమైన పక్కింటావిడతో పాటు 1098 కూడా ఉండి తీరాలి. అది రాత్రింబగళ్ళు పనిచేసే పిల్లల సహాయ నంబరు, కాల్‌కి డబ్బులు పడవు. ఈ నంబర్లు పిల్లకు నోటికి కూడా రావాలి. చార్జింగు అయిపోయిన రోజున ఏ కొట్టు ఫోన్ నుంచో చేసుకుంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మనం జాగ్రత్తగా ఉండాలి. పిల్లకు బటన్ ఫోన్ ఇస్తున్నది ఆమె చిన్నపిల్ల కాబట్టి. ఆడపిల్ల కాబట్టి కాదు. 2016లో గుజరాత్ మెహసానా జిల్లాలోని సూరజ్ గ్రామంలో పెళ్ళికాని ఆడపిల్లలు మొబైల్ వాడకూడదని, వాడితే 2,100 రూపాయల జరిమానా అని ఊరి పెద్దలు తీర్మానించారు. ఆ ఊరి మగపిల్లలకు అలాంటి నిషేధం లేదు. మన ఊళ్ళలో ఇలా తీర్మానాలు రాయరు. కొడుక్కి టచ్ ఫోన్ కొంటారు, కూతురికి పదో తరగతిలో కూడా డబ్బా ఫోనే ఉంచుతారు. హాస్టల్లో ఫోన్ ఆంక్షలను ఎదిరించిన ఒక విద్యార్థిని కేసులో, ఇంటర్నెట్ అందుబాటులో ఉండటం చదువు హక్కులోనూ గోప్యత హక్కులోనూ భాగమని కేరళ హైకోర్టు 2019లో తీర్పునిచ్చింది. ఈరోజు చిన్న ఫోన్ కొంటున్న తల్లులు పెద్ద ఫోన్ ఏ వయసులో ఇస్తారో ఇప్పుడే పిల్లకు చెప్పి ఉంచాలి. ఇంట్లో అన్న ఉంటే, వాడికి ఇచ్చిన వయసుకే.