మన సముద్రంలో మునిగిన నార్వే ఓడలు

పోయిన శనివారం రాత్రి నెట్‌ఫ్లిక్స్‌లో ‘వార్ సెయిలర్’ అనే నార్వే సిరీస్ పెట్టుకున్నాను. మూడే ఎపిసోడ్లు, పడుకునేలోపు అయిపోతుంది కదా అని. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడల మీద పనిచేసిన మామూలు నావికుల కథ అది. చేతిలో తుపాకీ ఉండదు, ఒంటిమీద యూనిఫాం ఉండదు. ఓడ మీద బాంబు పడితే మాత్రం సైనికుడు పోయినట్టే పోతారు.

సిరీస్ అయ్యాక నిద్ర పట్టలేదు. అసలు కథ ఏంటా అని ఫోన్ తీసి నార్వే పోగొట్టుకున్న ఓడల జాబితా చూడటం మొదలుపెట్టాను. అట్లాంటిక్, అట్లాంటిక్, మళ్లీ అట్లాంటిక్. స్క్రోల్ చేస్తూ ఒకచోట ఆగిపోయాను.

1942 ఏప్రిల్ 6. బంగాళాఖాతం. డాగ్‌ఫ్రెడ్, హెర్మోడ్.

బంగాళాఖాతం అంటే మనదే కదండీ! రాజమండ్రి నుంచి కాకినాడ బస్సెక్కితే రెండు గంటల్లో కనబడే సముద్రం. పైగా ఆ తేదీ నాకు కొత్త కాదు.

మా మామ్మ పుట్టిల్లు కాకినాడ. “జపానోడి బాంబులు పడ్డప్పుడు నాకు పదేళ్లు” అని మొదలుపెట్టేది. విమానాలొచ్చాయని కేకలు, వీధంతా పరుగులు. వాళ్ల నాన్న ఇంటికి తాళం వేసి, ఎడ్లబండి కట్టించి, అందరినీ పెద్దాపురం వైపు చుట్టాలింటికి తీసుకెళ్లిపోయాడట. “పొయ్యి మీద పప్పు అలాగే వదిలేశాం రా” అనేది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆవిడ బాధ ఆ పప్పు గురించే. మేం నవ్వేవాళ్లం.

ఆ బాంబులు పడింది కూడా 1942 ఏప్రిల్ 6నే. ‘ర్యూజో’ అనే జపాన్ విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు ఆ రోజు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. భారత ప్రధాన భూభాగం మీద జపాన్ వేసిన మొదటి బాంబులవి. పేలని బాంబు ఒకటి ఇప్పటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. బీచ్ రోడ్డుకెళ్తే చూసి రండి.

మనకు తెలిసింది ఒడ్డున జరిగిన కథ. అదే రోజు సముద్రంలో జరిగింది ఇంకా పెద్దది.

అప్పటికి బర్మాలో రంగూన్ పడిపోయి నెల కాలేదు. అండమాన్ అప్పటికే జపాన్ చేతిలో ఉంది. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు కొలంబో మీద దాడి జరిగింది. బ్రిటన్‌వి రెండు పెద్ద క్రూయిజర్లు, కార్న్‌వాల్, డార్సెట్‌షైర్, అదే రోజు మునిగిపోయాయి. ఇక కలకత్తా రేవు మీద కూడా బాంబులు పడతాయేమో, అక్కడ కిక్కిరిసి ఉన్న సరుకు ఓడలన్నీ ఒకేచోట కాలిపోతాయేమో అని అధికారులకు భయం పట్టుకుంది. ఓడలను రేవు వదిలి వెళ్లిపొమ్మన్నారు. తోడుగా యుద్ధనౌకలు లేవు. ఆకాశంలో కాపలా కాసే విమానాలూ లేవనే చెప్పాలి.

సరిగ్గా అప్పుడే అడ్మిరల్ ఒజావా నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చింది. మూడు గుంపులుగా విడిపోయి మన తూర్పు తీరం పొడవునా వేటాడింది. కొన్ని రోజుల్లోనే ఇరవైకి పైగా ఓడలు, లక్ష టన్నులకు మించి, నీళ్లపాలయ్యాయి. ఎక్కువ భాగం ఏప్రిల్ 6 ఒక్కరోజులోనే. బ్రిటిష్‌వి ఉన్నాయి, అమెరికావి, డచ్‌వి ఉన్నాయి. వాటిలోనే ఈ నార్వే ఓడలు కూడా. బతికినవాళ్లలో కొందరు లైఫ్‌బోట్లలో ఒడిశా తీరం చేరారు.

హెర్మోడ్ అనేది నార్వే పురాణాల్లో ఓ దేవుడి పేరు. చనిపోయిన అన్నను వెనక్కి తేవడానికి మృత్యులోకానికి గుర్రమెక్కి వెళ్లినవాడు. మన నచికేతుడిలాగే, వెళ్లి ప్రాణాలతో తిరిగొచ్చినవాడు. ఆ పేరు పెట్టుకున్న ఓడ మాత్రం తిరిగి వెళ్లలేదు.

ఇంతకీ ఎక్కడో ఉత్తర ధ్రువం పక్కనున్న దేశం ఓడలకు మన సముద్రంలో ఏం పని?

1940 ఏప్రిల్ 9న జర్మనీ నార్వేను ఆక్రమించింది. అప్పటికి నార్వే ఓడలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. దేశం పోయింది, ఓడలు మిగిలాయి. జర్మనీకి వత్తాసు పలికిన క్విస్లింగ్ వాటిని జర్మన్ రేవులకో తటస్థ దేశాల రేవులకో వెళ్లమన్నాడు. దాదాపు ఎవరూ వినలేదు. నార్వే ప్రభుత్వం లండన్‌లో ‘నార్‌ట్రాషిప్’ అనే సంస్థ పెట్టి, సుమారు వెయ్యి ఓడలను ఒకే యాజమాన్యం కిందకు తెచ్చింది. అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద షిప్పింగ్ కంపెనీ అదే. పెట్రోలు, తిండి, మందుగుండు ఏది మోయాలన్నా ఆ ఓడలు కావాలి. యుద్ధం ముగిసేసరికి వాటిలో దాదాపు సగం మునిగిపోయాయి. 3,000 మందికి పైగా నావికులు చనిపోయారు. బతికినవాళ్లు ఐదేళ్లపాటు ఇంటి మొహం చూడలేదు.

ఆ తర్వాత జరిగింది చదివితే నాకు కోపమొచ్చింది. జీతాల మీద ఆధారపడి బతికే మనలాంటివాళ్లకు బాగా అర్థమవుతుంది.

నార్వే నావికుల జీతాలు బ్రిటిష్ నావికుల కంటే ఎక్కువ. మా వాళ్లు గొడవ చేస్తారు, తగ్గించండి అని బ్రిటన్ అడిగింది. సరే అని తగ్గించి, ఆ తేడా సొమ్ముతో ఒక రహస్య నిధి పెట్టారు. యుద్ధం అయ్యాక మా డబ్బు మాకివ్వండి అని నావికులు అడిగితే ప్రభుత్వం కుదరదంది. కోర్టుకెళ్లారు, ఓడిపోయారు. చివరికి 1972లో పార్లమెంటు దయతలచి ఓడ మీద పనిచేసిన ఒక్కో నెలకు 180 క్రోనర్ల చొప్పున ఇచ్చింది. అప్పటికి చాలామంది తాగుడుకు బానిసలై, నిద్రపట్టని రాత్రులతో వేగి వేగి పోయారు. 2013లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది.

డెబ్బై ఏళ్లు ఆలస్యంగానైనా చెప్పింది. మరి మన వాళ్లకు?

ఆ రోజు బంగాళాఖాతంలో మునిగిన బ్రిటిష్ ఓడల్లో బొగ్గు వేసినవాళ్లు, డెక్ కడిగినవాళ్లు, వంట చేసినవాళ్లు చాలామంది మన దేశం వాళ్లే. లాస్కర్లు అనేవాళ్లు, మన భాషలో కళాసీలు. ఒకే ఓడలో తెల్లవాళ్లకు ఇచ్చే జీతంలో వీళ్లకు దక్కేది చిన్న ముక్క. ఆ యుద్ధంలో చనిపోయిన భారత వాణిజ్య నావికులు 6,000 మందికి పైనే. లండన్‌లో బ్రిటిష్ వాణిజ్య నావికుల పేర్లు కంచు పలకల మీద ఉన్నాయి. మన వాళ్ల పేర్లు ముంబైలోనూ చిట్టగాంగ్‌లోనూ పుస్తకాల్లో రాసి పెట్టారు. ఆ పుస్తకం ఉందన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు? నాకైతే పోయిన శనివారం దాకా తెలీదు.

పోనీ మనకు సముద్రం కొత్తా అంటే కాదు. కాకినాడ పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనేవాళ్లంటే, ఆ రేవు నుంచి ఎంతమంది వెళ్లి ఉంటారో ఊహించుకోండి.

ఇదంతా పాత కథే అనుకుంటే, 2024 జనవరి 26 గుర్తు చేసుకోండి. గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌లో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు హౌతీల క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో ఉన్నది 22 మంది భారతీయులు, ఒక బంగ్లాదేశీ. మంటలార్పడానికి వెళ్లిన మన యుద్ధనౌక పేరు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. 1942లో తోడు లేకుండా బయల్దేరిన ఓడలు గుర్తొచ్చి, ఆ పేరు చదివినప్పుడు కాస్త ధైర్యంగా అనిపించింది. ఇంజనీరింగ్‌లో నా బెంచ్‌మేట్ ఒకడు ఇప్పుడు మర్చంట్ నేవీలో ఉన్నాడు. వాడి స్టేటస్‌లో సూర్యాస్తమయాలు చూసి లైక్ కొట్టడమే తప్ప, ఏ దారిన వెళ్తున్నావురా అని ఎప్పుడూ అడగలేదు. ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. రెండు రోజులకు జవాబొచ్చింది: “నెట్ లేదు మామా. బానే ఉన్నా.”

మామ్మను మాత్రం అడగలేను. ఆవిడ పోయి నాలుగేళ్లయింది. బండిలో వెళ్తూ వెనక్కి చూశావా, సముద్రం వైపు పొగేమైనా కనబడిందా, ఓడల గురించి పెద్దవాళ్లు ఏమన్నా మాట్లాడుకున్నారా? ఇన్ని ప్రశ్నలున్నాయి ఇప్పుడు. అప్పుడు పప్పు దగ్గర నవ్వి ఊరుకున్నాం.

మీ ఇంట్లో తొంభై దాటినవాళ్లు ఉంటే, ఈ ఆదివారం ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పక్కన కూర్చోండి. కాకినాడ, కోరంగి, తాళ్లరేవు, విశాఖ వైపు వాళ్లయితే మరీనూ. 1942 ఏప్రిల్ అని అడగొద్దు, వాళ్లకు తేదీలు గుర్తుండవు. ‘జపానోడి బాంబులు’ అనండి చాలు.