కరాటే క్లాసుకు పంపవచ్చా?



"మా బాబుకు చూపు తక్కువని కరాటే క్లాసులో చేర్చుకోలేదు సిస్టర్‌గారూ" అని చెల్పూర్ తల్లి ఒకామె బాధపడింది. వద్దనడం తేలికే. కాని అది న్యాయం కాదు.

అలాంటి పిల్లలకు జూడో అనువైనది. అంధుల జూడోలో ఇద్దరూ ఒకరి దుస్తులు ఒకరు పట్టుకున్నాకే ఆట మొదలవుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కపిల్ పర్మార్ ఇందులోనే కాంస్య పతకం గెలిచాడు.

అయితే ముందుగా డాక్టరుగారికి చూపించండి. కంటి రెటీనా బలహీనంగా ఉంటే తలకు దెబ్బ తగలకూడదు. డౌన్ సిండ్రోమ్ పిల్లలకు మెడ ఎముకల పరీక్ష అవసరం.

తర్వాత మాస్టరుగారితో మాట్లాడండి. మొదటి రోజులు మీరూ దగ్గరుండి చూడండి. దెబ్బ తగలకుండా పడటం ముందు నేర్పించే, ఓపిక ఉన్న గురువునే ఎంచుకోండి. ఒకరు కాదంటే ఇంకొకరిని అడగండి. బిడ్డను మాత్రం ఇంట్లో కూర్చోబెట్టకండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్